ఊపిరికి సాయపడే బైపాప్ మాస్క్ చూసి హడలిపోకండి

శ్రోతలందరికీ నమస్కారం. చలి ముదిరిందంటే గుంటూరులో ఛాతీ వార్డులు కిటకిటలాడతాయి. వచ్చేవాళ్లలో బీడీలు, చుట్టలు కాల్చినవాళ్లు సరే, జన్మలో ఒక్క బీడీ ముట్టకపోయినా ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన అమ్మలు కూడా ఉంటారు. వీళ్లది సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఏళ్ల తరబడి వేధించే ఊపిరితిత్తుల జబ్బు. మామూలు రోజుల్లో ఇన్‌హేలర్‌తో ఎలాగో నెట్టుకొస్తారు గానీ, జలుబు ఛాతీలోకి దిగి కఫం పచ్చబడిందంటే ఆయాసం ఒక్కసారిగా ముంచుకొస్తుంది.

అప్పుడు లోపల ఏం జరుగుతుందంటే, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాక లోపలే ఉండిపోతుంది, ఆ బరువుతో ఊపిరి తీసే కండరాలు అలిసిపోతాయి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. రాత్రంతా కూర్చుని ఎగశ్వాస తీసిన మనిషి తెల్లవారుజామున మగతగా పడుకుంటే ‘హమ్మయ్య, నిద్రపట్టింది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అది నిద్ర కాకపోవచ్చు, ఆ వాయువు మెదడుకెక్కిన మత్తు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే బయల్దేరండి.

ఆసుపత్రిలో మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తారు. పీహెచ్ (ఇది తగ్గిందంటే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు) 7.35 కంటే తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంటే బైపాప్ పెడతారు, అంటే మాస్క్ ద్వారా ఊపిరికి సాయం చేసే మిషన్. గొంతులోకి గొట్టం ఉండదు, ముక్కూ నోరూ కప్పే మాస్క్ అంతే. మీరు గాలి పీల్చేటప్పుడు గట్టిగా తోస్తుంది, వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది, అలిసిన కండరాలకు ఊరట దొరుకుతుంది. నెబులైజర్, స్టెరాయిడ్ మందులు పక్కన నడుస్తూనే ఉంటాయి. సరైన సమయంలో పెడితే గొట్టం వేసే అవసరం తగ్గుతుందనీ, ప్రాణాలు నిలుస్తాయనీ 1990ల నుంచీ పరిశోధనల్లో తేలుతూనే ఉంది.

చిక్కల్లా మొదటి గంటలోనే. ముఖం మీదికి గాలి హోరుమని కొడుతుంటే ఎవరికైనా ఊపిరాడనట్టే ఉంటుంది, పీకి పారేస్తారు. బయట మన చుట్టాలేమో ‘వెంటిలేటర్ పెట్టేశారంట, ఇంక లాభం లేదు’ అని ఏడుపు మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి! పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ‘నాన్నా, మిషన్‌తో పాటు నెమ్మదిగా తీసుకో’ అని చెప్పే మనిషి ఒక్కరుంటే ఆ గంట గట్టెక్కుతుంది. పట్టీ మరీ బిగిస్తే ముక్కు దూలం మీద చర్మం కమిలి పుండవుతుంది, వదులైతే గాలి కళ్లలోకి కొడుతుంది. రెండిట్లో ఏది కనిపించినా నర్సుకి చెప్పండి, మీరే సర్దొద్దు. వాంతి వచ్చేలా ఉందంటే క్షణం ఆలస్యం చేయకుండా పిలవండి. మంచినీళ్లకీ, భోజనానికీ విరామం వాళ్లే ఇస్తారు. గంటా రెండు గంటల్లో మళ్లీ రక్తం చూస్తారు, మెరుగు లేకపోతే గొట్టం సంగతి అప్పుడు మాట్లాడతారు. స్పృహ పూర్తిగా తప్పినవాళ్లకూ, ఆగకుండా వాంతులయ్యేవాళ్లకూ మాత్రం సాధారణంగా ఈ మాస్క్ పనికిరాదు.

ఇంకో మాట. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉన్నవాళ్లు ఆయాసం పెరిగిందని మీటరు పూర్తిగా తిప్పేస్తుంటారు. ఈ జబ్బులో అది ప్రమాదం, కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు. అలాగని ఆక్సిజన్ తీసేయకండి, డాక్టరు చెప్పిన కొలతలోనే ఉంచండి. 108 వాళ్లు రాగానే ‘సీఓపీడీ పేషెంటండీ, పోయినసారి బైపాప్ పెట్టారు’ అని చెప్పి, పాత డిశ్చార్జి కాగితం చేతికివ్వండి.