ఆటర్ ఏటికి తిరిగి ఇచ్చిన చోటు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను చెప్పబోయే ఏటి పొడవు సుమారు 32 కిలోమీటర్లే. గోదావరి ఒడ్డున పెరిగినవారి కంటికి అది పంట కాలువలా కనిపిస్తుంది. అయినా దాని కథ నన్ను చాలా కాలంగా వదలడం లేదు. ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో పారే ఆ ఏరు పేరు ఆటర్. అంటే నీరుకుక్క.

బ్లాక్‌డౌన్ కొండల్లో పుట్టి దక్షిణానికి దిగుతుంది. హానిటన్ పక్కగా, ఆటరీ సెయింట్ మేరీ, న్యూటన్ పాపుల్‌ఫోర్డ్, ఆటర్టన్ మీదుగా సాగి బడ్లీ సాల్టర్టన్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆటర్టన్‌లో పిండిమర ఉందని 1086 నాటి భూముల లెక్కల్లోనే రాసి ఉంది. ఆటరీ సెయింట్ మేరీలో 1772లో కవి కోల్‌రిడ్జ్ పుట్టాడు. ఈ నీటిపై రాళ్ళను కప్పగంతులు వేయించిన చిన్ననాటి రోజులను తలచుకుంటూ ఏటినే పలకరించి ఒక సానెట్, అంటే పద్నాలుగు పాదాల కవిత, రాశాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏటి మొగ. మధ్యయుగాల్లో అక్కడ ఓడలు లోపలిదాకా వచ్చేవి. ఒడ్డున ఉప్పు పండించేవారు. సాల్టర్టన్ అన్న పేరులో ఉన్నది ఆ ఉప్పే. 15వ శతాబ్దంలో గులకరాళ్ళ దిబ్బ పెరిగి మొగకు అడ్డం పడింది, రేవు చచ్చిపోయింది. ఆ గులకరాళ్ళ పుట్టుక వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అవి సుమారు 44 కోట్ల ఏళ్ళ నాటి రాతి ముక్కలు. ఇప్పటి ఫ్రాన్సులోని బ్రిటనీ వైపు నుంచి, సుమారు 24 కోట్ల ఏళ్ళ క్రితం, నేడు ఆనవాలు కూడా లేని ఒక మహానది వాటిని దొర్లించుకుంటూ తెచ్చింది. కొండచరియ నుంచి రాలి పడుతున్న ఆ రాళ్ళే ఈ చిన్న ఏటి నోరు మూశాయి.

తరువాత మనుషులు వచ్చారు. సుమారు 200 ఏళ్ళ క్రితం, నెపోలియన్ యుద్ధాల కాలంలో, అక్కడి భూస్వామి లార్డ్ రోల్ సాగునేల కోసం మొగ పొడవునా కరకట్ట కట్టించాడు. ఫ్రెంచి యుద్ధఖైదీల చేత కట్టించాడని స్థానికులు చెప్పుకుంటారు. ఆటుపోట్లు తిరిగిన బురదనేలలు పచ్చిక బీళ్ళయ్యాయి. కానీ వరద వచ్చినప్పుడు కట్ట దాటి లోపల చేరిన నీటికి బయటికి దారి దొరికేది కాదు. రోడ్డు మునిగేది, క్రికెట్ మైదానం మునిగేది. కట్టను ఎంతకాలం కాపాడుకుంటూ పోతాం అన్న ప్రశ్న చివరికి తప్పలేదు.

ఈలోగా ఎగువన మరో వింత జరిగింది. బ్రిటన్‌లో సుమారు 400 ఏళ్ళ క్రితమే వేటకు బలై అంతరించిన బీవర్లు, అంటే చెట్లు కొరికి వాగులకు అడ్డుకట్టలు వేసే ఎలుక జాతి పెద్ద జంతువులు, 2014లో ఈ ఏటిలో పిల్లలతో సహా కెమెరాకు చిక్కాయి. ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ తేల్చలేదు. ప్రభుత్వం పట్టి తరలించాలనుకుంది, ఊళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. వ్యాధులు లేవని పరీక్షించి, 2015లో తిరిగి ఏటిలోనే వదిలి, ఐదేళ్ళు గమనించారు. ఈస్ట్ బడ్లీ గ్రామానికి ఎగువన ఒక ఉపవాగుపై అవి కొమ్మలతో, మట్టితో వేసిన అడ్డుకట్టలు వరద ఉధృతిని కొలవగలిగినంతగా తగ్గించాయి. కొందరు రైతుల పొలాల్లోకి నీరు చేరిన మాటా నిజమే. 2020 ఆగస్టులో అవి అక్కడే ఉండవచ్చని ప్రభుత్వం తేల్చింది. ఊళ్ళవాళ్ళ ఆ పట్టుదలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇక మొగ దగ్గర, 2023 సెప్టెంబరులో కరకట్టకు గండి కొట్టారు. వరద తెగ్గొట్టిన గండి కాదు, ఆలోచించి యంత్రాలతో తవ్విన గండి. అంతకుముందే రోడ్డును ఎత్తు చేసి వంతెన వేశారు, క్రికెట్ క్లబ్బును వేరే చోటికి మార్చారు. రెండు శతాబ్దాల తరువాత సముద్రపు పోటు మళ్ళీ లోపలికి వచ్చింది. 55 హెక్టార్లు, అంటే సుమారు 136 ఎకరాల్లో ఉప్పునీటి చిత్తడి నేలలు, బురదమేటలు మళ్ళీ రూపు దిద్దుకుంటున్నాయి.

మీలో ఎవరైనా అటు వెళితే పోటు వేళ చూసుకుని వెళ్ళండి. బడ్లీ సాల్టర్టన్ నుంచి ఏటి పక్కన కాలిబాట ఉంది. నిన్నమొన్నటిదాకా ఆవులు మేసిన చోట నీరు నెమ్మదిగా పరుచుకోవడం, ఆరు గంటల తరువాత బురదను వదిలి వెళ్ళడం, ఆ బురదలో కొంగలు దిగడం చూడవచ్చు.