చదువు లోన్ తీరకుండానే ఇల్లు: ఈఎంఐ లెక్క, చేతి డబ్బు లెక్క

నమస్కారమండీ. భీమవరం, అమలాపురం, తాడేపల్లిగూడెం వైపు ఇల్లు చూస్తున్నారు. చదువు లోన్ ఇంకా నడుస్తోంది, దాచింది మూడు నాలుగు లక్షలే. అలాగైతే ఇళ్లు చూడడం కాసేపు ఆపి, కాగితం, పెన్ను తీసుకోండి.

చేతికొచ్చే జీతం 45,000 అనుకుందాం. అన్ని ఈఎంఐలూ కలిపి జీతంలో సగం దాటితే బ్యాంకులు మామూలుగా ఒప్పుకోవు, కొన్ని 40 శాతం దగ్గరే ఆపేస్తాయి. సగం లెక్కేస్తే 22,500. చదువు లోన్‌కి 8,000 పోతే మిగిలేది 14,500. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే లక్షకి ఈఎంఐ సుమారు 900. అంటే వచ్చే లోన్ 16 లక్షలు. చదువు లోన్ లేకపోతే 25 లక్షలు వచ్చేది. ఆ 8,000 దాదాపు తొమ్మిది లక్షలు తినేసిందన్నమాట.

చాలామంది ఇక్కడే దాచిన డబ్బంతా చదువు లోన్‌కి కట్టేస్తారు. తొందరపడకండి, ఆ డబ్బుతో ఇప్పుడే పని ఉంది. బాకీ 4 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకోండి. గడువు పదేళ్లకి పెంచమని బ్యాంకుని అడగండి. ఒప్పుకుంటే ఈఎంఐ 5,300కి దిగుతుంది, ఇంటి లోన్ అర్హత 19 లక్షలకి చేరుతుంది. వడ్డీ మొత్తమ్మీద లక్షా పదిహేను వేల దాకా ఎక్కువ పడుతుంది, నిజమే. తర్వాత వీలైనప్పుడు ముందే కట్టేసి దాన్ని తగ్గించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మీ అప్పుల రికార్డులో, 'రీస్ట్రక్చర్' (లోన్ షరతులు మార్చారు) అని పడకుండా చేస్తారా అని ముందే అడగండి. అది పడితే ఇంటి లోన్ దగ్గర ఇబ్బంది. నాన్నగారు చదువు లోన్‌లో కో-అప్లికెంట్ (మీతో కలిసి సంతకం చేసినవారు) అయితే ఆ బాకీ ఆయన సిబిల్‌లోనూ కనిపిస్తుంది, ఇంటి లోన్‌లో ఆయన్ని కలుపుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇప్పుడు చేతి డబ్బు. ఇల్లు 20 లక్షలు. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ నిబంధన, అంటే 18 లక్షలు. మీరు పెట్టాల్సింది 2 లక్షలు. ఆంధ్రాలో స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, లక్షన్నర. దీనికి లోన్ రాదు. లీగల్ (కాగితాల పరిశీలన), వాల్యుయేషన్ (ఇంటి విలువ కట్టడం), ప్రాసెసింగ్, దస్తావేజు లేఖరికి ఇంకో ముప్పై వేలు పక్కన పెట్టండి. మొత్తం 3 లక్షల 80 వేలు. దీనికోసం పర్సనల్ లోన్ తీసుకుంటే ఆ ఈఎంఐ మళ్లీ అర్హతని కోసేస్తుంది. పీఎఫ్ అడ్వాన్స్ నయం. చీటీ పాడితే అది సిబిల్‌లో కనిపించకపోవచ్చు గానీ, నెలనెలా జేబుకి మాత్రం తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉందండీ. అమ్మేవారు "డాక్యుమెంటులో 13 లక్షలే వేద్దాం, మిగతాది చేతికిచ్చేయండి" అంటారు. బ్యాంకు చూసేది డాక్యుమెంటు విలువ. 13లో 90 శాతం 11 లక్షల 70 వేలు. మిగతా 8 లక్షల 30 వేలు మీ జేబులోంచే. ఇలాంటి బేరం మీకు కుదరదు, అంతే. ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవారికే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ఆ మాట అమ్మేవారికి చెప్పి చూడండి.

చవకగా దొరికిందంటే కారణం వెతకండి. కాలువ గట్టు పోరంబోకు (ప్రభుత్వ భూమి), డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూమి అయితే బ్యాంకు పక్కన పెట్టేస్తుంది. 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక), ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) రెండూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇంటికి లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లేక లీగల్‌లో ఆగిపోవడం మామూలే. చెరువు పూడ్చి మెరక చేసిన స్థలమైతే గోడల మూలల్లో, గుమ్మాల పైన బీటలు చూడండి. కింద నల్లమట్టి అయితే ఎండకి కుంచించుకుపోతుంది, వానకి ఉబ్బుతుంది, గోడలు అందుకే బీటలిస్తాయి.

బయానా ఇచ్చేముందు అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించండి: "బ్యాంకు లోన్ మంజూరు కాని పక్షంలో బయానా మొత్తం తిరిగి చెల్లించవలెను." గడువు కనీసం రెండు నెలలు పెట్టించండి, ఒక్క లింకు డాక్యుమెంటు దొరక్కపోయినా లీగల్‌కే నెల పట్టేస్తుంది.