జాతీయ సినీ సంగీత పురస్కారాలు: ఏ పాట, ఏ ఏటిది?

సభకు నమస్కారం.

'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. ఆ సినిమాకు కె.వి. మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గార్లకు వచ్చిన జాతీయ పురస్కారాలు మాత్రం 1979వి. సినిమా కంటే ముందే పురస్కారం ఎలా వచ్చిందని పాత పట్టికలు చూసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. ఎవరో తప్పు రాశారనుకుని దిద్దేసేవాళ్లూ ఉన్నారు. అలా దిద్దడమే తప్పు.

ఇక్కడ లెక్క విడుదల తేదీతో కాదు, సెన్సారు సర్టిఫికెట్ తేదీతో. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపల సర్టిఫికెట్ పుచ్చుకున్న సినిమాలే ఆ ఏటి పోటీకి వస్తాయి. పండుగకు విడుదల చేద్దామని డిసెంబరులోనే సెన్సారు ముగించుకున్న సినిమా పాత ఏటి ఖాతాలో పడుతుంది. 'స్వాతికిరణం' జనంలోకి వచ్చింది 1992లో, వాణీ జయరాం గారి పురస్కారం 1991ది. 'ఆర్ఆర్ఆర్' సంగతి మరీ విచిత్రం. పురస్కారం 2021 చిత్రాలకు, విడుదల 2022 మార్చి 25న, ఢిల్లీలో ప్రదానం 2023 అక్టోబర్ 17న. ఒక్క పాటకు మూడు సంవత్సరాలు! వ్యాసం రాసేవారు వీటిలో ఏదో ఒకటి పట్టుకుంటారు, పక్కవారు ఇంకోటి పట్టుకుంటారు. 'సిరిసిరిమువ్వ'కు సుశీల గారి పురస్కారాన్ని కొందరు 1976 అనీ, కొందరు 1977 అనీ రాసేది ఇందుకే. అది 24వ పురస్కారాలలోది, అంటే 1976 చిత్రాలకు ఇచ్చింది.

దీనికి ఒక తేలిక లెక్క ఉంది. పురస్కారాల వరుస సంఖ్యకు 1952 కలపండి, చిత్రాల సంవత్సరం వస్తుంది. 27కు కలిపితే 1979, 69కి కలిపితే 2021. సంఖ్య తెలిస్తే ఇంక తగాదా లేదు.

మొదటివి 1953 చిత్రాలకు, 1954లో ఇచ్చారు. అప్పట్లో సంగీతానికి వేరే పురస్కారమే లేదు. సంగీత దర్శకుడికీ గాయకుడికీ మొదలైంది 1967 చిత్రాలతో, అంటే 15వ పురస్కారాలతో. గాయనికీ గేయ రచయితకూ మరుసటి ఏడు. ఆ మొదటి 14 ఏళ్లు ఎలాంటివో ఈ చెన్నైలో వేరే చెప్పాలా? 'మాయాబజార్' 1957, 'జయభేరి' 1959. మన తెలుగు పాట కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో పెరిగి పెద్దదైన కాలమంతా పురస్కారాల పుస్తకంలో ఖాళీ. ఘంటసాల గారికి జాతీయ పురస్కారం ఎందుకు రాలేదనే ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగం ఇంకాస్త చేదుగా ఉంటుంది. 1967 నుంచి 1971 దాకా ఉత్తమ గాయకుడి పురస్కారం హిందీ, బెంగాలీ పాటలకే వెళ్లింది. దక్షిణాదికి తొలిసారి తెచ్చింది ఏసుదాసు గారు, 1972లో, మలయాళ పాటతో. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలోనే వెళ్లిపోయారు. తెలుగు పాటకు ఉత్తమ గాయకుడు అనిపించుకోవడానికి 1979లో బాలు గారి దాకా ఆగాల్సి వచ్చింది. గేయ రచయితల వరుసలో మాత్రం 1974లోనే, 'అల్లూరి సీతారామరాజు'కు శ్రీశ్రీ గారి పేరు చేరింది.

పురస్కారం పాట భాషను బట్టి నమోదవుతుంది, పాడినవారి ఇంటి భాషను బట్టి కాదు. విజయనగరం బిడ్డ సుశీల గారు ఈ విభాగంలో మొట్టమొదటి గాయని, 1968లో, తమిళ 'ఉయర్న్ద మనిదన్'కు. వేలూరులో పుట్టిన వాణీ జయరాం గారికి వచ్చిన మూడింటిలో రెండు తెలుగువి. బాలు గారి ఆరు నాలుగు భాషలకు పంచుకుపోయాయి: తెలుగుకు మూడు, హిందీ, కన్నడ, తమిళాలకు ఒక్కొక్కటి. కాబట్టి 'తెలుగుకు ఎన్ని వచ్చాయి' అని లెక్కపెట్టేటప్పుడు తెలుగు పాటలకా, తెలుగువాళ్లకా అని ముందే తేల్చుకోవాలి. రెండూ కలిపేస్తే లెక్క ఉబ్బుతుంది.

పాట భాషల మధ్య గీత కూడా చెరిగిపోయే చోటు ఒకటుంది. 1985లో 'సింధుభైరవి'కి చిత్ర గారు పురస్కారం అందుకున్నది 'పాడరియేన్' పాటకు. తమిళ జానపదంగా మొదలై చివరికి త్యాగరాజస్వామి 'మరి మరి నిన్నే'లో కలుస్తుంది. ఆ కీర్తన కాంభోజి రాగంలోది. పల్లె బాణీలోంచి కీర్తనలోకి అతుకు కనపడకుండా దిగాలని ఇళయరాజా గారు దాన్ని సారమతి రాగంలోకి మార్చారు. సంగీత దర్శకుడిగా ఆయనకూ ఆ సినిమాకే వచ్చింది. పట్టికలో అది తమిళం. చివరి చరణంలో చిత్ర గారు పాడేది మన తెలుగే.

2009 చిత్రాల నుంచి పాటలకూ నేపథ్య సంగీతానికీ వేర్వేరుగా ఇస్తున్నారు. ఇది మంచి మార్పు. అంతకుముందు సాధారణంగా ఒకే పురస్కారం కింద రెండు పనులనూ తూచేవారు, పాట బాగుంటే నేపథ్యం మరుగున పడేది. ఈ విభజన వల్లే 2021 చిత్రాలకు ఇద్దరు తెలుగు సంగీత దర్శకులకు చోటు దొరికింది: పాటలకు 'పుష్ప'తో దేవిశ్రీ ప్రసాద్, నేపథ్యానికి 'ఆర్ఆర్ఆర్'తో కీరవాణి. గాయకుడు కాలభైరవ, గేయ రచయిత చంద్రబోస్. అయిదింట నాలుగు మనవే. అయిదోది, ఉత్తమ గాయని, తమిళ పాటకు వెళ్లింది.

చేతికి వచ్చేది రజత కమలం, ప్రశంసాపత్రం, నగదు. ఆ నగదు 50 వేలుండేది, 70వ పురస్కారాల నుంచి 2 లక్షలు చేశారు.

మీలో ఎవరైనా పాటల మీద రాస్తుంటే ఒక్క వాక్యం ఇలా రాయండి: '27వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు, 1979 చిత్రాలకు, సినిమా విడుదల 1980 ఫిబ్రవరి 2.' కాస్త పొడవే, కానీ తర్వాత వచ్చేవారెవరూ దాన్ని దిద్దబోరు.