చనుమొన పగుళ్ల క్రీములు: ఏది కొనొచ్చు, ఏది వద్దు

నమస్తే అండి. మోకాలు నొప్పంటే ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటాం. చనుమొన పగిలి రక్తం వస్తుంటే మాత్రం తలుపేసుకుని ఏడుస్తాం. అందుకే ఈ రివ్యూ. టేబుల్ మీద ఉన్నవన్నీ నేను డబ్బులు పెట్టి కొన్నవే, ఏ కంపెనీ పంపలేదు. పేర్లు కూడా చెప్పను. ట్యూబ్ వెనక ఏం రాసి ఉందో చూసి కొనుక్కోండి, చాలు.

ముందు లానోలిన్ క్రీమ్. పదార్థాల దగ్గర ఒకే ఒక్క మాట ఉండాలి, లానోలిన్ అని. గొర్రె ఉన్ని నుంచి తీసి శుద్ధి చేసిన కొవ్వు ఇది. కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి, లేత పసుపు రంగు, జిగురుగా సాగుతోంది. దీన్ని ఇలాగే పగులు మీద రుద్దితే ప్రాణం పోతుంది. శనగగింజంత తీసుకుని రెండు వేళ్ల మధ్య నలపండి, ఒంటి వేడికి మెత్తబడుతుంది. అప్పుడు మెల్లగా అద్దండి. పాలిచ్చే ముందు తుడవక్కర్లేదు, ఇందులో ఉన్న పెద్ద సుఖం అదే. జాకెట్టుకు జిడ్డు మరక మాత్రం ఖాయం. ఉన్ని పడనివాళ్లకు దద్దుర్లు రావచ్చు, వస్తే ఆపేయండి.

ఇది నయం చేస్తుందా? హాయినిస్తుంది, అంతవరకే చెప్పగలను. వైద్య పరిశోధనల్ని పోగేసి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2014లో అప్పటివరకు జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూశారు. ఏమీ రాయకుండా వదిలేసినా, తమ పాలే రెండు చుక్కలు పిండి రాసుకున్నా, లానోలిన్ లాంటివాటికి ఏమీ తీసిపోలేదు. చాలామందికి కాన్పయిన 7 నుంచి 10 రోజులకు నొప్పి బాగా తగ్గింది.

ఎందుకంటే పగులు వచ్చింది క్రీమ్ లేక కాదు, బిడ్డ పట్టు సరిగ్గా లేక. ఈ బొమ్మతో చూపిస్తా. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి. పై పెదవికి మొన తగిలిస్తే నోరు బాగా తెరుస్తుంది. ఆ క్షణంలో బిడ్డను మీ దగ్గరికి తెచ్చుకోండి, మీరు ముందుకు వంగొద్దు. వంగితే నడుం పోతుంది, పట్టూ దొరకదు. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి, కింది వైపు ఎక్కువగా. గడ్డం రొమ్ముకు ఆనాలి. బిడ్డ వదిలాక మొనను ఒకసారి చూసుకోండి. గుండ్రంగా ఉంటే సరే. లిప్‌స్టిక్ కొసలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే పట్టు తప్పినట్టే. అప్పుడు చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ మొదలుపెట్టండి. లాగేస్తే ఉన్న పగులు ఇంకా చీలుతుంది. ఇంత చేసినా నొప్పి తగ్గకపోతే బిడ్డ నాలుక కింద పొర బిగుతుగా ఉందేమో పిల్లల డాక్టర్‌ను చూడమనండి.

పాలిచ్చేటప్పుడు మొన మీద తొడుక్కునే సిలికాన్ షీల్డ్‌కు నా మార్కులు తక్కువ. సైజు సరిపోకపోతే మొన ఇంకా ఒరుసుకుపోతుంది, బిడ్డకు పాలు సరిగ్గా అందకపోవచ్చు. పాలివ్వడం దగ్గరుండి నేర్పించే నర్సు చెబితే వాడండి, ఆన్‌లైన్‌లో చూసి తెప్పించుకోవద్దు. కారే పాలు పీల్చుకోవడానికి బ్రాలో పెట్టుకునే ప్యాడ్లు మంచివే, కానీ తడిసిన వెంటనే మార్చాలి.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవి. శుభ్రమైన కొబ్బరి నూనె కొంచెం రాసుకుంటే పేచీ లేదు. ప్రతిసారీ సబ్బుతో, డెటాల్‌తో కడగడం మానేయండి, చర్మానికి సహజంగా ఉన్న నూనె కూడా పోయి ఎండిపోతుంది. తేనె మాత్రం అత్తమ్మ చెప్పినా, అమ్మ చెప్పినా వద్దు. ఏడాది నిండని బిడ్డ నోట్లోకి తేనె పోకూడదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే వస్తువు. ఎండాకాలం ఉక్కపోతకి రొమ్ముల కింద మడతలో ఎర్రగా ఒరిసిపోయి, దురద పెడుతుంది కదా. మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టే క్రీమ్ ఇది. పెట్టె మీద చదువుతున్నా: క్లోబెటసాల్, పక్కనే ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. క్లోబెటసాల్ చాలా ఘాటైన స్టెరాయిడ్. రెండు రోజుల్లో దురద పోతుంది, మనం సంబరపడతాం, ఫంగస్ లోపల్లోపల పాకుతుంది. ఆ మడతలో చర్మం అసలే పల్చన. అలాగే వాడుతూ పోతే ఇంకా పల్చబడి చారలు పడతాయి. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు ఇది, అయినా మిఠాయిలా ఇచ్చేస్తున్నారు. స్నానమయ్యాక ఆ చోట మెత్తటి బట్టతో అద్ది ఆరనివ్వండి, కాటన్ బ్రా వేసుకోండి, చెమట పడితే మార్చండి. ఫంగస్ అని డాక్టర్ చెబితే క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీమ్ దొరుకుతుంది, ధర కూడా తక్కువే.

పాలిచ్చేవాళ్లకు రొమ్ములో ఒకచోట గట్టిపడి, ఎర్రబడి, జ్వరం వచ్చిందా? పాలివ్వడం ఆపొద్దు. గట్టిగా పిసకొద్దు, చల్లటి కాపడం పెట్టండి. 24 గంటల్లో తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

పాలివ్వని వాళ్లు, వయసు పైబడినవాళ్లు ఇది వినండి. ఒక్క వైపు చనుమొన మీదే పొట్టు లేస్తూ, చెమ్మగా, తామరలా ఉండి, రెండు మూడు వారాలైనా మానకపోతే ఏ క్రీమూ రాయకండి. జేమ్స్ పేజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ 1874లోనే రాశాడు, ఇలా కనిపించేదాని వెనక రొమ్ము క్యాన్సర్ ఉండవచ్చని. మామూలు తామర ఎక్కువగా చుట్టూ ఉన్న నల్లటి భాగంలో మొదలవుతుంది, ఇది మొన దగ్గర మొదలవుతుంది. పైకి చూసి తేల్చుకునేది కాదు, స్టెరాయిడ్ రాస్తే పైపైన తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. సర్జన్ దగ్గరికి వెళ్లండి. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే తీసి, మొన దగ్గర చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు.