తలుపు బయటికి తెరుచుకోవాలి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పడం మర్యాద. కానీ నాకిచ్చింది పది నిమిషాలు, అందులో మూడు శాలువాకే పోయాయి. పేర్లు వదిలేస్తున్నాను, ఏమనుకోకండి.

ఈ రోజు నవంబర్ 19, ప్రపంచ టాయిలెట్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2013లో దీన్ని గుర్తించింది. నాకిచ్చిన అంశం 'పట్టణ పారిశుద్ధ్యంలో పౌరుల పాత్ర'. దాని మీద రెండు కాగితాలు రాసుకొచ్చాను కూడా. అవి జేబులోనే ఉంటాయి. పౌరుల పాత్ర గురించి పౌరులకు చాలామంది చెప్పారు. నేను నా పాత్ర గురించి చెప్తాను.

ముప్పై ఒక్క ఏళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను, ఈ వరంగల్ చుట్టుపక్కల మున్సిపాలిటీల్లోనే. ఎన్ని పబ్లిక్ టాయిలెట్లు తనిఖీ చేశానో లెక్క లేదు. మా ఫారంలో రెండు గడులుండేవి. పురుషులకు ఎన్ని సీట్లు, స్త్రీలకు ఎన్ని సీట్లు. అవి నింపి, నీళ్లున్నాయి, లైటుంది, ఫినాయిల్ ఉంది అని టిక్కులు పెట్టి సంతకం చేసేవాణ్ని. తలుపు ఎటు తెరుచుకుంటుందని ఆ ఫారం ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక మార్కెట్ పక్కన అలాంటి కాంప్లెక్స్ ఒకటి ఉంది. ఊరి పేరు చెప్పను. మా అవ్వకు అప్పటికే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. డాక్టరుకు చూపించి తిరిగొస్తున్నాం. బస్సు దిగాక, "కొడుకా, ఆగేటట్టు లేదు" అంది. పట్టుకుని ఆడవాళ్ల వైపు నడిపించాను. కౌంటర్ దగ్గరున్న పిలగాడు లేచి నిలబడ్డాడు. "సార్, మీరు లోపలికి పోవద్దు. ఆడోళ్లున్నరు." వాడన్నది న్యాయమే. మగవాళ్ల వైపు చూశాను. గోడ వెంట వరసగా నిలబడ్డ మనుషులు కనబడుతున్నారు. కన్నతల్లిని అటు ఎట్లా తీసుకుపోతారు, మీరే చెప్పండి?

"నేనే పోత తియ్యి" అని గోడ పట్టుకుని ఆమె ఒక్కతే లోపలికి పోయింది. కాసేపటికి దబ్బుమని చప్పుడు, ఆడవాళ్ల కేకలు. గడియ అందక తలుపు దగ్గరగా వేసుకుందట. లేవబోయి తలుపుకు అడ్డంగా పడిపోయింది. ఆ తలుపు లోపలికే తెరుచుకుంటుంది. బయట నుంచి నెట్టినప్పుడల్లా ఆమె తుంటికి తగులుతోంది. ఆమె అరుపు నాకు వినబడుతోంది. నేను కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నాను.

ఆ మార్కెట్లో దుకాణాల ముందు డబ్బులడిగే హిజ్రా ఒకామె వచ్చింది. ఎవర్నీ అడగలేదు, నేరుగా లోపలికి పోయింది. పిలగాడు ఆపుదామనుకునే లోపే పోయింది. తలుపు సందులోంచి చెయ్యి పెట్టి, అవ్వ కాలు మెల్లగా పక్కకు జరిపి, తను అడ్డంగా దూరిందట. కాసేపటికి అవ్వను భుజానికి ఆనించుకుని బయటికి తీసుకొచ్చింది. చీర కూడా సర్ది కట్టింది. "అవ్వకు ఏం కాలె అన్నా, భయపడకు."

నా చెయ్యి జేబులోకి పోయింది. అలవాటు. ఆమె వద్దంది. "ఏడేండ్ల సంది ఈ మార్కెట్ల తిరుగుతున్న. దీని లోపటికి పోవుడు ఇదే మొదలు" అంది. మరి ఇన్నాళ్లూ ఎక్కడికి అని అడిగాను. "గా గోడ ఎనక. చీకటి పడ్డంక."

ఆ కాంప్లెక్స్ రిజిస్టర్‌లో 'అన్నీ సక్రమం' అని రాసింది నేనే.

నేను సర్వీసులో ఉండగానే, 2014 ఏప్రిల్ 15న, నల్సా, అంటే జాతీయ న్యాయ సేవల సంస్థ, వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించి, వారికి విడిగా పబ్లిక్ టాయిలెట్లు కట్టమంది. 2017లో స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలు వారిని ఏ వైపు ఇష్టమైతే ఆ వైపు వెళ్లనివ్వమన్నాయి. 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం, 2020 సెప్టెంబర్‌లో దాని నియమాలు వచ్చాయి. ఆ నియమాలు టాయిలెట్ల వంటి సదుపాయాలకు రెండేళ్ల గడువు పెట్టాయి. గడువు 2022లోనే అయిపోయింది. ఇంకో సంగతి. నిజాం కాలంలో, 1919లో ఒక చట్టం ఉండేది. వీళ్ల పేర్లు రిజిస్టర్‌కెక్కించాలి, అందులో పేరున్నవాళ్లు ఆడ బట్టలతో వీధిలో కనబడితే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. మన హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! అంటే వందేళ్లు దాటాక. రిజిస్టర్‌లో ఎక్కించడానికి గడి దొరికింది, టాయిలెట్ ఫారంలో మాత్రం దొరకలేదు.

అందుకే ఆడ, మగ అని రాయని, ఎవరైనా పోగలిగే గది ఒకటి కావాలంటున్నాను. ముందు వరసలో కూర్చున్న అక్కలు ఏదో అనుకుంటున్నారు, నాకు తెలుసు. ఆడా మగా ఒకే చోటంటే భయం కాదా అని. అక్కా, కాజీపేటలో రైలెక్కుతారు కదా. బోగీకి రెండు చివర్లా టాయిలెట్లుంటాయి. స్లీపర్లో ఏ తలుపు మీదైనా ఆడ, మగ అని రాసి ఉంటుందా? ఒకరు పోతారు, గడియ పెట్టుకుంటారు, వస్తారు. రైల్లో కంపు గురించి తిట్టుకుంటాం, అది వేరే. కానీ పక్కన మగవాడు పోయాడని ఎవరూ చెయిన్ లాగలేదు.

నేనడిగేది అదే. ఒక గది, ఒక మనిషి, ఒక గడియ. వరసగా సగం గోడల క్యాబిన్లు కట్టి బోర్డు మార్చేయడం కాదు. గోడలు పైకప్పు దాకా, తలుపు నేల దాకా ఉండాలి, కింద సందు ఉండకూడదు. అట్లా మూసేస్తే గాలి ఆడదు కాబట్టి ప్రతి గదికీ వేరే వెంటిలేటర్ కావాలి. తలుపు నేరుగా వెలుతురున్న చోటికి తెరుచుకోవాలి, చీకటి సందులోకి కాదు. చెయ్యి కడుక్కునే బేసిన్, మూత ఉన్న చెత్తబుట్ట గది లోపలే ఉండాలి. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించుకుని మగవాడిగా బతికేవాళ్లున్నారు, వాళ్లలో కొందరికి నెలసరి వస్తుంది. మగవాళ్ల వైపు ప్యాడ్ వేసే బుట్ట ఎక్కడైనా చూశారా?

కొలతలు కూడా నేను కనిపెట్టినవి కావు. వికలాంగులు, వృద్ధుల కోసం 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. లోపల 2200 మిల్లీమీటర్లకు 2000, తలుపు దారి 900, పట్టుకోవడానికి కడ్డీలు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. ఇది చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఆ గదికి విడిగా బయటి నుంచే దారి ఉంటే కొడుకు తల్లిని తీసుకుపోవచ్చు, తండ్రి చిన్న బిడ్డను తీసుకుపోవచ్చు, ఆ మార్కెట్ ఆమె కూడా పోవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఈ గది కోసం ఆడవాళ్ల సీట్లలో ఒక్కటి కూడా తగ్గించొద్దు. పబ్లిక్ టాయిలెట్లకు మన లెక్కే వంద మంది మగవాళ్లకు ఒక సీటు, వంద మంది ఆడవాళ్లకు రెండు. ఆ రెండు కూడా సరిగ్గా ఎక్కడున్నాయి? పోవడానికి చోటు లేదని మన ఎండాకాలంలో నీళ్లు తాగకుండా చీరలు అమ్ముకునే ఆడవాళ్లను చూశాను. మూత్రంలో మంట అని గోలీలు మింగుతారు. కొత్త గది అదనంగా రావాలి, ఉన్నదాని మీద బోర్డు మార్చి కాదు.

డబ్బుల్లేవంటారు. సెప్టిక్ ట్యాంకు మలం ఎక్కడికి పోవాలో 2016లోనే నియమాలు రాసుకున్న ఊరు మనది. అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం పెట్టుకున్నాం, చూడటానికి బయటివాళ్లు వచ్చారు. ట్యాంకు గురించి అంత ఆలోచించాం. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. కార్పొరేటర్లు ఎవరైనా ఉంటే వినండి. కొత్త కాంప్లెక్స్ ప్లాను మీ దగ్గరికి సంతకానికి వచ్చినప్పుడు, తలుపు తెరుచుకునే వైపు చూపే ఆ వంపు గీత ఎటు ఉందో చూడండి.

చిట్టీ వచ్చింది, టైమైపోయిందట. ఈ హాలు వెనక కూడా టాయిలెట్లున్నాయి. పొద్దున వచ్చీరాగానే చూద్దామనుకున్నాను, శాలువా కోసం పిలిచారు. టీ ఇచ్చేలోపు ఎవరైనా నాతో వస్తారా? ఆడవాళ్ల వైపు చూడటానికి ఇద్దరు అక్కలు కావాలి, నేను బయట నిలబడతాను. టేపు తెచ్చాను.