మావాడికి హార్వర్డ్‌లో ఛాన్స్ ఎంత? అమెరికా కాలేజీ అడ్మిషన్లపై ఒక మాటామంతీ

హోస్ట్: అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ చుట్టుపక్కల ఏ తెలుగు ఇంటికి భోజనానికి వెళ్ళినా, ప్లేటు చేతిలోకి తీసుకునేలోపే ఒక ప్రశ్న వస్తుంది. "మీవాడు ఎక్కడెక్కడ అప్లై చేస్తున్నాడు?" దీని గురించే ఇవాళ మాట్లాడుకుందాం. మనతో ఉన్న అక్క ఇక్కడి పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేశారు, ఇప్పుడు మన పిల్లల అప్లికేషన్లు చూసిపెడుతున్నారు. అక్కా, శ్రోతలు పంపిన మెసేజ్‌లు దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. జీపీఏ, అంటే స్కూలు గ్రేడ్ల సగటు, ఫుల్. శాట్ పరీక్షలో 1600కి 1560, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి ఏపీ కోర్సులు డజను, రోబోటిక్స్, కూచిపూడి. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీల్లో ఛాన్స్ ఎంత?

కౌన్సెలర్: ఆ వివరాలు చూసి నేను శాతం చెబితే అబద్ధం చెప్పినట్టే తమ్ముడూ. ఎవరు చెప్పినా అంతే, డబ్బు తీసుకుని చెప్పేవాళ్ళు కూడా. ఎందుకో ఒక లెక్క చెబుతాను. ఆసియా పిల్లలకి అడ్మిషన్లలో అన్యాయం జరుగుతోందని హార్వర్డ్ మీద 2014లో కేసు పడింది, 2018లో బోస్టన్‌లో విచారణ జరిగింది. అడ్మిషన్ ఆఫీసు లోపలి కాగితాలు అప్పుడు బయటికొచ్చాయి. 2015లో చేరిన బ్యాచ్‌కి అమెరికా లోపలి నుంచే 26,000 మంది దాకా అప్లై చేశారు. వాళ్ళలో 8,000 మందికి పైగా పర్‌ఫెక్ట్ జీపీఏ. శాట్ మ్యాథ్స్‌లో ఫుల్ మార్కులు వచ్చినవాళ్ళు 3,400 మంది, వెర్బల్‌లో 2,700 మంది. సీట్లు చూస్తే రెండు వేలు కూడా లేవు.

హోస్ట్: అంటే ఫుల్ మార్కులవాళ్ళతోనే కాలేజీ నాలుగుసార్లు నింపొచ్చు.

కౌన్సెలర్: నింపొచ్చు, కానీ నింపరు. మన అమ్మానాన్నలకి మింగుడుపడనిది ఇక్కడే. మనం ఎంసెట్ చూసి వచ్చినవాళ్ళం. ర్యాంకు తెలిస్తే చాలు, కిందటేడు ఏ కాలేజీలో ఎంత ర్యాంకు దాకా సీటొచ్చిందో చూసి పక్కింటి అంకుల్ కూడా చెప్పేసేవాడు, నీకు ఫలానా చోట ఈసీఈ వస్తుందని. ఆ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, గీత ఎక్కడుందో కనిపించేది. ఇక్కడ గీతే లేదు. మార్కులు నిన్ను గదిలోకి పంపిస్తాయి, అంతవరకే. లోపలికెళ్ళాక అందరి మార్కులూ అవే.

హోస్ట్: అడ్మిషన్ రేటు మూడున్నర శాతం అంటుంటారు కదా, అదైనా పట్టుకోవచ్చా?

కౌన్సెలర్: 2024లో చేరిన బ్యాచ్‌కి హార్వర్డ్‌లో 54,008 అప్లికేషన్లు వస్తే 1,937 మందికి సీట్లిచ్చారు. అది మూడున్నర శాతమే. ఎంఐటీలో నాలుగున్నర దగ్గర ఉంటుంది. అయితే అది సగటు. అదే కేసులో ఇంకొకటి బయటపడింది. కాలేజీ టీముల కోసం తీసుకునే క్రీడాకారులు, అక్కడే చదివినవాళ్ళ పిల్లలు, డీన్ ప్రత్యేకంగా చూసుకునే జాబితాలో ఉన్నవాళ్ళు, ఫ్యాకల్టీ పిల్లలు. ఈ నాలుగు రకాలవాళ్ళు అప్లికేషన్లలో అయిదు శాతమే. సీట్లలో మాత్రం సుమారు 30 శాతం వాళ్ళవే. వెయ్యిమంది అప్లై చేసి 40 మందికి సీట్లొచ్చాయనుకో. ఒక 50 మంది ఆ నాలుగు రకాలవాళ్ళు, వాళ్ళకే 12 సీట్లు పోతాయి. మిగిలిన 950 మందికి 28. మూడు శాతం కూడా లేదు. మన పిల్లలు ఎక్కువగా ఆ 950 మందిలో ఉంటారు.

హోస్ట్: వింటుంటేనే గుండె జారిపోతోంది.

కౌన్సెలర్: ఆగు, ఇంకో పక్క కూడా ఉంది. ఆ 950 మందిలో ఏ ఆశా లేకపోయినా ఒక రాయి వేసి చూద్దామని వేసినవాళ్ళు చాలామంది ఉంటారు. గట్టి విద్యార్థికి సగటు కంటే మెరుగే. ఎంత మెరుగు అన్నది ఎవరూ చెప్పలేరు, అందుకే నేను శాతం చెప్పనంటున్నాను. ఆ నంబరు విన్న పిల్ల ఏం చేస్తుందో తెలుసా? పది శాతం అంటే నేను చేతకానిదాన్ని అనుకుంటుంది, నలభై శాతం అంటే వచ్చేసినట్టే అనుకుంటుంది. మార్చి చివర్లో ఐవీ కాలేజీలన్నీ, అంటే హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిదీ, ఒకే సాయంత్రం ఫలితాలు వదులుతాయి. ఆ రాత్రి రెండు ఇళ్ళలోనూ ఏడుపే. పదిహేడేళ్ళ పిల్లలు తమ్ముడూ, నాకు చాలా బాధేస్తుంది.

హోస్ట్: అందుకనే కొందరు ఇరవై కాలేజీలకి వేస్తున్నారు. ఒక్కోచోట నాలుగు శాతమైనా, ఇరవై చోట్ల వేస్తే ఎక్కడో ఒకచోట తగలదా అని.

కౌన్సెలర్: ఒకే ఫారంతో చాలా కాలేజీలకి వేసే కామన్ యాప్‌లో ఇరవై దాకా వేయనిస్తారు గనక ఈ ఆలోచన పుట్టింది. కాగితం మీద లెక్క వేస్తే ఎక్కడో ఒకచోట వచ్చే అవకాశం 56 శాతం దాకా వస్తుంది. ఆ లెక్క నిజం కావాలంటే ఒక కాలేజీ తీసుకునే నిర్ణయానికీ ఇంకో కాలేజీ నిర్ణయానికీ సంబంధం ఉండకూడదు. ఇక్కడ ఇరవై చోట్లకీ వెళ్ళేది అదే ఫైలు, అవే రికమెండేషన్ లెటర్లు, అదే 650 పదాల ఎస్సే. ఎస్సే చప్పగా ఉంటే ఇరవై చోట్లా చప్పగానే ఉంటుంది. పైగా ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్న ఎస్సేలు ఉంటాయి. పదో కాలేజీ దాటాక పిల్లవాడు కాలేజీ పేరు మార్చి అదే పేరా అంటిస్తాడు. చదివేవాళ్ళకి అది తెలిసిపోతుంది.

హోస్ట్: అసలు ఫైలు లోపల ఏం చూస్తారు?

కౌన్సెలర్: మొదట స్కూలు. ప్రతి స్కూలూ ఫైలుతో పాటు స్కూల్ ప్రొఫైల్ పంపుతుంది. మా దగ్గర ఎన్ని ఏపీలు ఉన్నాయి, పిల్లలు ఎలాంటివాళ్ళు అని. ఆరు ఏపీలే ఉన్న స్కూల్లో ఆరూ తీసుకున్నవాడు, ముప్ఫై ఉన్న స్కూల్లో పన్నెండు తీసుకున్నవాడి కంటే తక్కువేం కాదు. తర్వాత యాక్టివిటీలు. హార్వర్డ్‌లో చదువుకీ, యాక్టివిటీలకీ, ఆటలకీ, వ్యక్తిత్వానికీ విడివిడిగా 1 నుంచి 6 దాకా రేటింగులు వేస్తారని ఆ కేసులోనే తేలింది. ఒకటి అన్నిటికన్నా గొప్ప. ఆసియా పిల్లలకి చదువులో రేటింగు ఎక్కువ, వ్యక్తిత్వంలో తక్కువ పడుతోందన్నది కేసులో పెద్ద వాదన. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పుతో, జాతిని చూసి సీటిచ్చే పద్ధతి ఆగిపోయింది.

హోస్ట్: ఆ తీర్పు వచ్చినప్పుడు మనవాళ్ళ గ్రూపుల్లో ఇక మనకే అన్నారు.

కౌన్సెలర్: అన్నారు. తర్వాతి ఏడాది ఎంఐటీలో ఆసియన్ అమెరికన్ పిల్లల వాటా 40 నుంచి 47 శాతానికి పెరిగింది. అదే ఏడాది యేల్‌లో 30 నుంచి 24కి పడిపోయింది, ప్రిన్స్‌టన్‌లోనూ కొంచెం తగ్గింది. కోర్టు తీర్పు మీద ఆశలు కట్టుకోవద్దని అందుకే చెబుతాను.

హోస్ట్: యాక్టివిటీల విషయానికి వద్దాం. ఇప్పుడు పదకొండో క్లాసు పిల్లలు ప్రతివాడూ ఒక నాన్‌ప్రాఫిట్, అంటే సేవా సంస్థ, పెడుతున్నాడు.

కౌన్సెలర్: పెడుతున్నారు, ఫీజు కట్టి రీసెర్చ్ పేపర్లు కూడా రాయిస్తున్నారు. నాకు మనసు ఒప్పదు. వేసవిలో ఊరెళ్ళి, తాతగారి ఊరి బడికి నాలుగు ల్యాప్‌టాప్‌లిచ్చి ఫోటో దిగి, ఫౌండర్ అని రాసుకోవడం. ఆ బడి పిల్లల పేరు ఒక్కటి అడిగితే చెప్పలేరు. కామన్ యాప్‌లో పది యాక్టివిటీలకి చోటుంటుంది, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలే. అంత చిన్న చోట నిజం, నటన రెండూ దాగవు. ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఎనిమిది యాక్టివిటీలు రాసుకొచ్చాడు, అన్నీ క్లబ్బుల్లో మెంబరే. సాయంత్రాలు ఏం చేస్తావు నాన్నా అని అడిగాను. అమ్మ హాస్పిటల్లో షిఫ్టు, నాన్నకి ఇండియా టీమ్‌తో కాల్స్. తొమ్మిదో క్లాసు నుంచీ తమ్ముణ్ణి బస్సు దగ్గర దించుకుని, రైస్ కుక్కర్ పెట్టి, వాడి హోంవర్క్ చేయించేది వీడే. అది ఎందుకు రాయలేదురా అంటే, "అది యాక్టివిటీ కాదు కదా ఆంటీ" అన్నాడు. ఫారంలో కుటుంబ బాధ్యతలు అని ప్రత్యేకంగా ఒక కేటగిరీయే ఉంది. మొదటి వరసలో పెట్టించాను. రోజూ నాలుగు నుంచి ఏడు, వారానికి అయిదు రోజులు, నాలుగేళ్ళు. ఏ క్లబ్బు ప్రెసిడెంటు పదవికి అంత బరువుంటుంది చెప్పు?

హోస్ట్: మనం దాన్ని ఇంటిపని అనుకుంటాం, అంతే.

కౌన్సెలర్: అవును. పిల్లలకి కూడా అలాగే నేర్పిస్తాం.

హోస్ట్: సరే, టెక్సాస్ వాళ్ళ సంగతి. యూటీ ఆస్టిన్, అంటే ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్.

కౌన్సెలర్: ఇక్కడ మాత్రం గీత ఉంది. 1997లో వచ్చిన చట్టం. స్కూల్లో టాప్ పది శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి రద్దీ ఎక్కువ కాబట్టి దానికి వేరే లెక్క. కొన్నేళ్ళు ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ళకి అయిదు చేశారు. క్లాసులో 500 మంది ఉంటే మొదటి 25 మందే. మన చుట్టుపక్కల స్కూళ్ళలో అరవయ్యో ర్యాంకు పిల్ల కూడా మెరికలా ఉంటుంది, ఇంకో ఊళ్ళో అయితే ఫస్టు వచ్చేది. ఇంకొకటి, ఆ ఆటోమేటిక్ సీటు యూనివర్సిటీలోకే గానీ నువ్వడిగిన మేజర్‌లోకి, అంటే ముఖ్య సబ్జెక్టులోకి, కాదు. కంప్యూటర్ సైన్స్ వస్తుందన్న హామీ లేదు. ఇది తెలియక ఏప్రిల్‌లో ఇళ్ళలో గొడవలు.

హోస్ట్: హెచ్4, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా, మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది అడిగారు.

కౌన్సెలర్: వాళ్ళ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు. మూడేళ్ళప్పుడు వచ్చి, కిండర్‌గార్టెన్ నుంచీ ఇక్కడే చదివిన పిల్ల. గ్రీన్‌కార్డు క్యూ తెమలదు. చాలా ప్రైవేటు యూనివర్సిటీలు సిటిజనో గ్రీన్‌కార్డో లేకపోతే ఇంటర్నేషనల్ కిందే లెక్కేస్తాయి. ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం, రాదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని చోట్ల ఇంటర్నేషనల్ వాళ్ళకి కూడా డబ్బు అవసరం చూడకుండా సీటిస్తారు. చాలా చోట్ల ఎయిడ్ అడిగితేనే ఛాన్స్ తగ్గుతుంది. ఇరవై ఒకటి నిండితే హెచ్4 పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి. హెచ్4 మీద ఉండగా జీతమొచ్చే ఇంటర్న్‌షిప్ కూడా చేయకూడదు. కాబట్టి ఆ ఇళ్ళలో కాలేజీ జాబితా, వీసా రెండూ ఒకే రోజు ఒకే టేబుల్ మీద మాట్లాడుకోవాలి. పన్నెండో క్లాసులో కాదు, పదిలోనే.

హోస్ట్: శాట్ పెట్టాలా వద్దా అన్నది కూడా అయోమయంగా ఉంది.

కౌన్సెలర్: ఎంఐటీ 2022లోనే మళ్ళీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ ప్రకటించాయి. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు అసలు స్కోరే చూడవు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో చూసుకోవడమే. దాంతో పాటు ఇంకొకటి వెతకమంటాను. కామన్ డేటా సెట్ అని ఒక పత్రం ఉంటుంది, కాలేజీ పేరు పక్కన ఆ మాట పెట్టి గూగుల్ చేస్తే చాలావాటికి దొరుకుతుంది. అందులో సీ7 అనే పట్టిక. గ్రేడ్లు, ఎస్సే, ఇంటర్వ్యూ, అక్కడ చదివిన తల్లిదండ్రులు, ఆసక్తి చూపించడం, వీటిలో దేనికి ఎంత విలువిస్తారో కాలేజీయే టిక్కు పెట్టి చెబుతుంది. వాట్సాప్‌లో వచ్చే సలహాలకంటే ఆ ఒక్క పేజీ మేలు.

హోస్ట్: ఎర్లీ డెసిషన్, అంటే అందరికంటే ముందుగా ఒకే కాలేజీకి, వేస్తే ఛాన్స్ పెరుగుతుందంటారు. నిజమేనా?

కౌన్సెలర్: కొన్నిచోట్ల పెరుగుతుంది, కానీ అది కట్టుబడే ఒప్పందం. వస్తే చేరాల్సిందే, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాల్సిందే. ఏడాదికి 90,000 డాలర్ల దాకా అవుతున్న కాలేజీకి, ఎంత ఎయిడ్ వస్తుందో, ఇంకో చోట ఎంతిస్తారో పోల్చి చూసుకోకుండా సంతకం పెడుతున్నాం. హార్వర్డ్, ఎంఐటీ 2025 నుంచి రెండు లక్షల డాలర్లలోపు ఆదాయం ఉంటే ట్యూషన్ ఫీజు లేదన్నాయి. మంచి మాటే. ఇద్దరూ ఐటీలో ఉన్న మన ఇళ్ళు చాలా ఆ గీత దాటే ఉంటాయి. ప్రతి కాలేజీ సైట్‌లో, ఎయిడ్ పోగా మనం ఎంత కట్టాలో చూపే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, అక్టోబరులోపే భార్యాభర్తలు కూర్చుని అంకెలు వేసి చూసుకోండి. పిల్లని కూడా కూర్చోబెట్టండి.

హోస్ట్: చివరిగా, ఒక తండ్రి రాసింది చదువుతాను. "ఐవీ రాకపోతే మా అమ్మాయి జీవితం వెనకబడిపోతుందా?"

కౌన్సెలర్: ఆయనకి ఓదార్పుగా చెప్పడం లేదు. డేల్, క్రూగర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఒక పేపర్ రాశారు. ఒకే రకం కాలేజీల్లో సీటు తెచ్చుకున్న పిల్లల్లో కొందరు పెద్ద పేరున్న చోట చేరారు, కొందరు చేరలేదు. తర్వాత సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, పేదింటి పిల్లలకి మాత్రం కనబడింది. 2023లో రాజ్ చెట్టీ వాళ్ళు చేసిన అధ్యయనంలోనూ సగటు జీతం పెద్దగా మారలేదు. మరీ పైమెట్టుకి, అంటే టాప్ ఒక శాతం సంపాదనకి చేరే అవకాశం మాత్రం ఐవీ లాంటి కాలేజీలతో పెరిగింది. అదే అధ్యయనంలో ఇంకో విషయం. ఒకే స్కోరున్న పిల్లల్లో టాప్ ఒక శాతం ధనికుల పిల్లలకి సీటొచ్చే అవకాశం 34 శాతం ఎక్కువ. కాబట్టి రాని పిల్లలో ఏదో లోపముందని ఇంట్లో ఎవరూ అనకూడదు.

హోస్ట్: మరి ఇప్పుడు పదకొండులో ఉన్నవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

కౌన్సెలర్: జాబితా కింద నుంచి రాయండి. ముందు తప్పకుండా వచ్చేవి, డబ్బు కట్టగలిగేవి, పిల్ల సంతోషంగా వెళ్ళేవి రెండు. యూటీ డాలస్ కావచ్చు, ఇంకోటి కావచ్చు. ఆ రెండూ దొరికేదాకా హార్వర్డ్ పేరు రాయొద్దు. తర్వాత మధ్యలోవి నాలుగైదు. పర్డ్యూ, జార్జియా టెక్ కూడా కంప్యూటర్ సైన్స్‌కి అనుకున్నంత సులువు కాదు, వాటిని సేఫ్టీ, అంటే తప్పకుండా వచ్చేవి, అనుకోకండి. పైన మూడో నాలుగో మాత్రమే, అవి ఎందుకో పిల్ల తన నోటితో చెప్పగలగాలి. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. రికమెండేషన్ రాయమని టీచర్లని మేలోనే అడగాలి, వేసవి సెలవులిచ్చేలోపు. మంచి టీచర్లు ఇన్ని లెటర్లే రాస్తామని ముందే చెప్పేస్తారు.

హోస్ట్: మే అంటే ఎంతో దూరం లేదు. అక్కా, థాంక్స్. వచ్చే ఎపిసోడ్‌లో ఎఫ్1కి మారడం గురించి ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడతాం. మీ ప్రశ్నలు పంపండి, హెచ్4 వాళ్ళవి ముందు తీసుకుంటాం.