కుక్క నడకలోని లోపాన్ని గుర్తించడం, సరిచేయడం

నమస్కారం. కుక్కను నిలబెట్టి చూసినా, నెమ్మదిగా నడిపించి చూసినా కుంటు చాలాసార్లు బయటపడదు. మెల్లగా నడిచేటప్పుడు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి కాబట్టి, నొప్పి ఉన్న కాలి బరువును అది మిగతా కాళ్ల మీదకు సులువుగా మార్చేస్తుంది. చిన్నగా పరుగెత్తించినప్పుడు మాత్రం కుడి ముందుకాలు ఎడమ వెనుకకాలితో, ఎడమ ముందుకాలు కుడి వెనుకకాలితో జతగా పడతాయి. బరువంతా రెండు కాళ్ల మీదే పడుతుంది గనుక నొప్పిని దాచుకోవడం దానికి కష్టమవుతుంది.

అందుకే చదునైన సిమెంటు నేల మీద, లీష్ వదులుగా పట్టుకుని, కుక్కను చిన్న పరుగులో తీసుకువెళ్లండి. ఇంకొకరు ఫోనును కుక్క ఎత్తులో ఉంచి ముందు నుంచి, వెనుక నుంచి, పక్క నుంచి స్లో మోషన్‌లో తీయాలి.

ఇప్పుడు ఇలా తీసిన వీడియోలో ఈ లాబ్రడార్ తలను గమనించండి. ఎడమ ముందుకాలు నేలకు ఆనిన ప్రతిసారీ తల పైకి లేస్తోంది, కుడికాలు ఆనినప్పుడు కిందికి దిగుతోంది. తల దిగిన వైపే నొప్పి అని చాలామంది పొరబడతారు, కానీ ఇక్కడ నొప్పి ఎడమకాలిలో ఉంది. కుక్క బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. తలను ఎత్తి ఆ భారాన్ని కొంత తప్పించుకుంటోంది.

వెనుకకాలిలో నొప్పి ఉంటే తుంటిని చూడాలి: ఆ వైపు తుంటి ఎక్కువగా పైకి లేస్తుంది. వెనుకకాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంటే తుంటి కీళ్లను, పామరేనియన్ వంటి చిన్న జాతి కుక్క రెండు మూడు అడుగులు ఒక వెనుకకాలు ఎత్తి మళ్లీ మామూలుగా పరుగెత్తితే మోకాలి చిప్ప జారడాన్ని అనుమానించాలి. ఇవాళ ఒక కాలు, రేపు మరో కాలు కుంటుతూ జ్వరం కూడా ఉంటే పిడుదుల వల్ల వచ్చే జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. పాదాన్ని మడిచి ఈడుస్తూ నడిస్తే అది నరాల సమస్య కావచ్చు, ఆలస్యం చేయకండి.

సరిచేయడం పాదం దగ్గర మొదలుపెట్టండి. వేళ్ల మధ్య ముల్లు, పగిలిన గోరు, పాదం అడుగున చీలిన మెత్త ఉన్నాయేమో వెతకండి. నడిచేటప్పుడు నేలకు టకటక తగిలేంత గోళ్లు పెరిగితే కత్తిరించండి. నున్నటి టైల్స్ మీద జారకుండా చాపలు పరవండి. ఒళ్లు చేసి ఉంటే తిండి కొలిచి పెట్టండి. నొప్పి లేదని వైద్యులు చెప్పాకే, నేలకు కాస్త ఎత్తులో అయిదారు కర్రలు వరసగా పెట్టి నెమ్మదిగా దాటించండి. ఒకే పక్క కాళ్లు రెండూ కలిపి వేసే అలవాటు ఉన్న కుక్కకు ఇది బాగా పనికొస్తుంది.

దయచేసి ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు వేయకండి, అవి కుక్క ప్రాణం మీదకు తెస్తాయి. రెండు రోజుల్లో కుంటు తగ్గకపోయినా, కాలు అసలు మోపకపోయినా పశువైద్యుల వద్దకు తీసుకువెళ్లండి. అక్కడి బెదురులో కుక్క కుంటకుండానే నడిచేయవచ్చు, కాబట్టి ఇంటి దగ్గర తీసిన ఈ వీడియోలను ముందుగా వారికి చూపించండి.